61 రోజులు ఆపాం సరే, మిగతా పది నెలల మాటేమిటి?

ఏటా ఏప్రిల్ 15న తూర్పు తీరం పొడవునా మరపడవలను ఒడ్డున కట్టేస్తారు, జూన్ 14 గడిచాక విప్పుతారు. చెన్నైలో స్థిరపడిన మనలాంటి తెలుగు కుటుంబాలకు ఈ సంగతి ప్రభుత్వ ఉత్తర్వు ద్వారా కాక వంజరం చేప ధర ద్వారా తెలుస్తుంది. ఆ రెండు నెలలూ చెన్నై చేపల రేవు కాసిమేడులో కిలో ధర విని, బేరమైనా ఆడకుండా, నెత్తళ్ళతోనో చెరువు చేపతోనో ఇంటిదారి పట్టేవాళ్ళే ఎక్కువ. ఈ వేట నిషేధం వద్దని నేను అనను. సముద్ర సంపదను కాపాడటానికి మన విధానాల్లో ఎన్ని నిబంధనలు రాసుకున్నా, కచ్చితంగా అమలయ్యేది ఇదొక్కటే కావడం, అదీ రోజులు లెక్కపెట్టడం తేలిక కాబట్టే కావడం నాకు మింగుడు పడని విషయం.

మొదట్లో ఈ విరామం 45 రోజులు ఉండేది, తరువాత 61 రోజులైంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు ఉత్తర్వు రాష్ట్రానిది, ఆపైన కేంద్రానిది. చేపలు గుడ్లు పెట్టే కాలమన్నది అధికారికంగా చెప్పే కారణం. సముద్రంలోని చేపలన్నీ మన పంచాంగం చూసుకుని ఒకే రెండు నెలల్లో గుడ్లు పెట్టవు. రొయ్యల్లో చాలా రకాలు ఏడాది పొడవునా పెడుతూనే ఉంటాయి. అయినా ఇనుప బరువులతో అడుగును గీరుకుంటూ పోయే ట్రాల్ వలలకు రెండు నెలలు సెలవు దొరికితే అడుగునుండే జీవానికి కాస్త ఊపిరి ఆడుతుందన్నది నిజమే, కాబట్టి విరామం ఉండాల్సిందే.

విరామం ముగిసిన మొదటి వారంలో కాసిమేడు వేలం చూసినవారికి అసలు కథ అర్థమవుతుంది. పెద్ద చేపల బుట్టల చుట్టూ జనం మూగి ఉంటారు. వాటి వెనక, గట్టు మీద నేరుగా పారబోసిన కుప్పల్లో, మూరన్నర పెరిగితే గాని గుడ్డు పెట్టని వంజరం జానెడు కూడా లేకుండా కనిపిస్తుంది. దాని పక్కనే వేలెడంత కానాగంతలు, ఏ జాతివో పోల్చుకోలేనంత చిన్న పిల్లలు, పీతలు, నత్తలు అన్నీ కలిసి ముద్దగా ఉంటాయి. కూరకు పనికొచ్చేవాటిని ఆడవాళ్ళు ఏరుకున్నాక మిగిలినదాన్ని పారతో ఎత్తి ప్లాస్టిక్ పెట్టెల్లో నింపుతారు. అది చేపల పిండి మిల్లుకు పోతుంది, అక్కడి నుంచి కోళ్ళ దాణాలోకి, రొయ్యల మేతలోకి చేరుతుంది. మన నెల్లూరు, భీమవరం చెరువుల్లో పెరిగే రొయ్య ఇలాంటి సముద్రపు చేప పిల్లలను తినే పెరుగుతోంది. దాన్ని మాత్రం నీలి విప్లవం ఖాతాలో జమ వేసుకుంటున్నాం.

ఆ పెట్టెలు మోస్తున్నవాళ్ళలో మన సిక్కోలు యాస వినిపించింది. ఈ రేవు పడవల మీద శ్రీకాకుళం, నెల్లూరు తీరాల నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. చేప పిల్లలను ఎందుకు పట్టుకొస్తున్నారని అడిగితే, వాళ్ళలో పెద్దాయన పెట్టె దించకుండానే, "వల కన్ను అంత సన్నంగా ఉంటే పిల్లేటి, తల్లేటి బాబూ, అన్నీ వస్తాయి. రొండు నెల్లు ఆపేస్తే సంద్రం నిండిపోద్దేటి?" అన్నాడు. పరిశోధనా సంస్థలు చెబుతున్నదీ అదే. వల చివరి సంచికి పెద్ద చదరపు కన్ను పెడితే చిన్నవి జారిపోతాయి. ఏ చేపను ఎంత పొడవుకు తక్కువైతే పట్టకూడదో నిర్ణయించి, రేవులో కొలబద్ద పెట్టి చూస్తే చాలు. కేరళ 2015లో దేశంలో మొదటిసారిగా ఆ పని చేసింది. కవల్లు 10 సెంటీమీటర్లకు, కానాగంత 14 సెంటీమీటర్లకు తక్కువ ఉండకూడదని చెప్పి, తరువాత జాబితాను మరెన్నో జాతులకు పెంచింది. అయితే దీనికి రోజూ తెల్లవారుజామున రేవులో నిలబడి పెట్టెలు తెరిచి చూసే సిబ్బంది కావాలి, పడవ యజమానితో మాటామాటా అనుకునే ధైర్యం కావాలి. నిషేధం ఉత్తర్వుకైతే ఒక సంతకం చాలు.

తాబేళ్ళ సంగతి ఇంతకంటే బాధాకరం. 2025 జనవరిలో చెన్నై తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ కళేబరాలు వందల సంఖ్యలో కొట్టుకొచ్చాయి, జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంత తానుగా విచారణ చేపట్టింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పులికి ఎంత రక్షణ ఉందో ఈ తాబేలుకూ అంతే ఉంది. అది ఊపిరి తీసుకోవడానికి నీటి పైకి రావాలి. ట్రాల్ వలలో చిక్కి గంటల తరబడి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. దీనికి ఉపాయం ఎప్పుడో కనిపెట్టారు. వల గొంతులో ఏటవాలుగా ఒక ఇనుప జాలీ, దాని పైన ఒక తలుపు ఉంటాయి. చువ్వల సందుల్లోంచి రొయ్య లోపలికి పోతుంది, తాబేలు జాలీకి తగిలి బయటికి జారిపోతుంది. మన దేశపు వలలకు సరిపడే నమూనాను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది. కాసిమేడులో వలలు అల్లేవాళ్ళను అడిగితే, చూశామని, దానివల్ల రొయ్యలు కొంత పోతాయని, అందుకే ఎవరూ పెట్టించుకోవడం లేదని చెప్పారు. ఈ జాలీ లేదన్న కారణంతోనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది. మన ఎగుమతుల్లో సింహభాగం చెరువు రొయ్యే కాబట్టి ఆ దెబ్బ ఢిల్లీకి పెద్దగా తగల్లేదు. ఇక తమిళనాడు చట్టం ప్రకారం తీరానికి 5 నాటికల్ మైళ్ళ లోపు మరపడవలు వేటాడకూడదు, తాబేళ్ళు గుడ్ల కోసం గుమిగూడేది ఆ జాగాలోనే. చిన్న ఫైబరు పడవల మీద బతికే కుప్పాలవాళ్ళు, అంటే తీరపు జాలరి పల్లెలవాళ్ళు, ట్రాలర్లు తమ వలలను తెంచుకుంటూ ఒడ్డు దాకా వస్తున్నాయని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. తాబేలు ప్రేమికుల ఫిర్యాదు, పేద జాలరుల ఫిర్యాదు ఒకటే అయినప్పుడు కూడా అది ఎవరి చెవికీ ఎక్కకపోవడం నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

పథకాలు లేక కాదు. 2017లో జాతీయ సముద్ర మత్స్య విధానం వచ్చింది. అదే ఏడాది జంట పడవల ట్రాలింగ్‌నూ ఎల్‌ఈడీ దీపాల వేటనూ కేంద్రం నిషేధించింది. పాక్ జలసంధిలో 2000 ట్రాలర్లను వదిలించి, ఒక్కొక్కటి 80 లక్షలయ్యే లోతు సముద్రపు గాలం పడవలను 70 శాతం సబ్సిడీతో ఇస్తామన్నారు. అవి లక్ష్యానికి ఆమడ దూరంలో ఆగిపోయాయి. 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 20,050 కోట్లతో మొదలైంది. మరోవైపు అవే ట్రాలర్లకు పన్ను లేని డీజిల్ పోస్తూనే ఉన్నాం. సముద్రాన్ని గీరే పనికి చమురు మనదే, గీరవద్దన్న హితబోధా మనదే.

అడవుల లెక్కలోనూ ఇదే ధోరణి. పదో వంతు నేల మీద చెట్ల నీడ పడే హెక్టారు భూమిని, జాతితో గాని యాజమాన్యంతో గాని పని లేకుండా, అడవుల నివేదిక అటవీ విస్తీర్ణంలో కలుపుకుంటుంది. కాగితపు మిల్లు కోసం పెంచిన జామాయిల్ తోట కూడా అందులోకి వస్తుంది. 2023 నివేదికలో అడవులు, చెట్లు కలిపి 25.17 శాతం అన్న అంకె వెనక ఏ చెట్లున్నాయో ఎవరూ అడగరు. 2004 సునామీ తరువాత తీరమంతా సరుగుడు నాటారు. తాబేలు గుడ్లు పెట్టే ఇసుకలోనూ వాటినే నాటడం తగదని నిపుణులు చెప్పినా, నాటిన మొక్కల సంఖ్య మాత్రం ఘనంగానే కనిపించింది.

యూరియా కథ మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. 2015లో మొత్తం యూరియాకు వేప పూత వేయించారు, 2018లో 50 కిలోల బస్తాను 45 కిలోలు చేశారు. బస్తా చిన్నదైతే వాడకం తగ్గుతుందని ఆశించినవారు మా నెల్లూరు వైపు వరి మళ్ళలో ఒక్కసారైనా దిగి ఉండరు. ఆకు పచ్చదనం చూసి మందు వేసే రైతు బస్తా బరువు చూడడు, కావలసినంత చల్లుతాడు. ఎరువుల సబ్సిడీ ఏటా లక్షన్నర కోట్లు దాటుతుంటే, 2024 నవంబరులో ఆమోదించిన ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు కేటాయించింది 2,481 కోట్లు. ఏది మాట, ఏది మూట అన్నది ఆ రెండు అంకెలను బట్టే తెలుస్తుంది.

మళ్ళీ కాసిమేడు విషయానికే వస్తాను, ఎందుకంటే ఈ పర్యావరణ చర్య భారం ఎవరి నెత్తిన పడుతోందన్నది అక్కడ స్పష్టంగా కనబడుతుంది. వేట నిషేధ కాలానికి ఆంధ్రప్రదేశ్ 2025 నుంచి మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తోంది, తమిళనాడు ఇచ్చేది 8,000. అక్కడి సాయం అక్కడి పడవల మీద పనిచేసేవారికి, ఇక్కడి సాయం ఇక్కడి కుటుంబాలకు. సొంత ఊరు ఆంధ్రాలో, పడవ చెన్నైలో ఉన్న కళాసీకి రెండు చోట్లా చుక్కెదురే. నేను మాట్లాడిన ఆ పెద్దాయన ఈ రెండు నెలలకూ యజమాని దగ్గరే అడ్వాన్సు తీసుకుని, జూన్ తరువాత దాన్ని చాకిరీతో తీరుస్తాడు. బాకీ మీద ఉన్నవాడు వల కన్ను పెద్దది పెట్టమని యజమానికి చెప్పగలడా?

మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు ఉన్నాయి. తీర భద్రత పేరుతో సముద్రం మధ్యలో పడవను ఆపినప్పుడు ఆ కార్డు ఏ రాష్ట్రంలో ఇచ్చినదైనా చెల్లుతుంది. కాబట్టి నిషేధ సాయం కూడా ఆ కార్డు మీదే, పనిచేసిన రేవుతో నిమిత్తం లేకుండా, రెండు రాష్ట్రాలూ కేంద్రమూ వాటాలు పంచుకుని ఇవ్వాలి. పన్ను లేని డీజిల్ మాత్రం చదరపు కన్ను వల, తాబేలు జాలీ రెండూ రేవులో చూపించిన పడవకే పోయాలి.