తట్ట ఇస్తారు, తాపీ ఇవ్వరు

హైదరాబాద్‌లో లేస్తున్న ఏ అపార్ట్‌మెంట్ సైటుకైనా వెళ్లండి, సెంట్రింగ్ దగ్గరా, రాడ్లు వంచే దగ్గరా ఎక్కువగా వినిపించేది హిందీ, ఒడియా, బెంగాలీ. వాళ్లొచ్చి చేసుకుంటున్నారని మాకేం ఏడుపు లేదు, వాళ్లు లేకపోతే ఈ నగరమే లేవదు. మా బాధల్లా పది తప్పి ఊళ్లో ఖాళీగా తిరుగుతున్న మన కుర్రాళ్ల గురించే. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా పాలమూరు లేబర్ ఉండాల్సిందే అనుకున్న రోజులున్నాయి, ఆ కూలీల మనవలకు ఈ పని నేర్పే దిక్కు లేదా?

ఉంది. 1998లో పెట్టిన నిర్మాణ పనుల శిక్షణ సంస్థ న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) హైదరాబాద్‌లో హైటెక్స్ దగ్గరే ఉంది, తాపీ పని, ప్లంబింగ్, వైరింగ్ అన్నీ నేర్పుతుంది. గ్రామీణ పేద యువత కోసం 2014లో కేంద్రం తెచ్చిన శిక్షణ పథకం డీడీయూ-జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) ఉంది, వయసు 15 నుంచి 35, ఆడవాళ్లకూ వికలాంగులకూ 45 దాకా. ఫీజు అక్కర్లేదు. మరి పిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారంటే, ఫీజు లేకపోవడం వేరు, ఇంటికి కూలి డబ్బులు రాకపోవడం వేరు. తండ్రి మంచాన పడ్డ ఇంట్లో పెద్దకొడుకు మూడు నెలలు శిక్షణకు పోతే కిరాణా కొట్టు బాకీ ఎవరు కడతారు? అది ఆలోచించకుండా ‘ఈ కాలం పిల్లలకు సీరియస్‌నెస్ లేదు’ అని తేల్చేస్తాం.

డబ్బు లేక కాదు. నిర్మాణ ఖర్చులో కనీసం 1 శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికి వసూలవుతోంది, ఆ నిధులు వాడకుండా మూలుగుతున్నాయని 2018లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు తలంటింది. అయితే ఆ నిధులు చూసే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరుండాలంటే అంతకుముందు 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమైనా, దాని స్థానంలో తెచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్ అయినా మాట అదే. అంటే ఇంకా పని దొరకనివాడికి ఆ డబ్బు అందదు.

దీనికి మేం చెప్పే దారి ఒకటే: శిక్షణలో సగం నిజమైన సైటు మీద జరగాలి, హాజరు పడాలి, ఆ సెస్సు డబ్బు నుంచి రోజు కూలి చేతికి రావాలి, ఆ రోజులు 90లో కలవాలి. కార్మికుల డబ్బు ఇంకెవరికో పెడతారా అని యూనియన్లు అడుగుతాయి, అడగాలి కూడా. ముందు వాళ్ల పిల్లలకే ఇవ్వండి, ఎవరు కాదంటారు?

సైటు అని అంత గట్టిగా ఎందుకంటున్నామంటే, సెంటర్లో కట్టిన గోడను ఇటుకలు మళ్లీ కావాలి కాబట్టి కూల్చేస్తారు. అక్కడ తూకం గుండు ఎలా వదలాలో నేర్పుతారు, బాగానే నేర్పుతారు. కానీ నాలుగో అంతస్తులో సారవ మీద నిలబడి, గాలికి దారం ఊగుతుంటే ఆగేదాకా ఓపిక పట్టి, గోడ ఎక్కడ పక్కకు పోయిందో కనిపెట్టడం వేరే చదువు. కాంక్రీటు సులువుగా జారుతుందని ఇంకో బకెట్ నీళ్లు కొట్టేస్తే స్లాబ్ బలం తగ్గుతుందని క్లాసులో చెప్తారు, వద్దని మేస్త్రీతో అనగలిగే ధైర్యం మాత్రం సైటులోనే వస్తుంది (అన్నాక రేపు రావొద్దంటాడేమో అన్న టెన్షన్ కూడా అక్కడిదే).

ఇక ఆడపిల్లల సంగతి. ఇరవై ఏళ్లు తట్ట మోసిన మనిషి చేతికి కూడా తాపీ ఇవ్వరు. బలం చాలదంటారు, తట్ట మోయడానికి చాలిన బలం ఇటుక పేర్చడానికి చాలదా? సైటులో తాళం వేసుకునే మరుగుదొడ్డి ఒక్కటి లేకుండా మహిళా బ్యాచ్ అని ఫొటోలు దిగడం మానుకోవాలి.

బిల్డర్లు తీసుకోరంటారా? 30 మంది, ఆపైన పనిచేసే చోట 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని చట్టం ఇప్పటికే చెబుతోంది, కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు. ప్రైవేటు వాళ్లను తర్వాత అడుగుదాం, ముందు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ సొంత ఫ్లైఓవర్లు, ఆసుపత్రులు, ఇళ్ల టెండర్లలో ఈ షరతు రాసి, అప్రెంటిస్‌ల హాజరు చూపించనిదే బిల్లు పాస్ చేయకూడదు.