కలరా ఉండల కాలం

కలరా ఉండతో కలరా తగ్గదు. చిమ్మెటలు చస్తాయా అంటే అదీ అనుమానమే. అది నిక్కచ్చిగా చేసే పని ఒక్కటే: చలికాలం వచ్చిందని ఊరంతా చాటడం. లంబసింగిలో మంచు కురుస్తోందని పేపర్లో పడిన మర్నాడు తెల్లవారుజామున ఏ పార్కుకైనా వెళ్లండి. కళ్లు మూసుకుంటే మనుషులు కాదు, బట్టల బీరువాలు వరసగా నడుస్తున్నట్టుంటుంది.

మొన్న అటక మీది పెట్టె దించి నా స్వెటర్ తీశాను. టిబెటన్ల దగ్గర ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నది. మడతల్లో, పోయిన ఫిబ్రవరిలో రేగుపండంత ఉన్న ఉండ శనగగింజంత మిగిలింది. నాఫ్తలీన్ కరగకుండానే ఘనరూపం నుంచి నేరుగా ఆవిరవుతుందని బడిలో చదువుకున్నాం. ఆ ఆవిరి ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. మెడపట్టీకి ముక్కు ఆనిస్తే తెలిసింది.

ఉన్నిది మహా దొడ్డ మనసు. తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పీల్చుకుని కూడా తడిసినట్టు కనిపించదు. తేమకు చోటిచ్చినట్టే చుట్టుపక్కల వాసనలకూ ఇస్తుంది. పులిహోర పోపులోని ఇంగువ వస్తే రమ్మంటుంది, పక్కింటి అగరువత్తి పొగ వస్తే కూర్చోమంటుంది. వచ్చిన చుట్టాన్ని పొమ్మనడం దానికి చేతకాదు. అలాంటిదాన్ని తొడుక్కుని వాసనలు ఏరుకోవడమంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడమే.

అయినా మనం ఊరుకుంటామా? ముల్లును ముల్లుతోనే తీయాలన్న సిద్ధాంతం మనది. మొదటిరోజు పౌడరు చల్లాను. రెండోరోజు సెంటు కొట్టాను. మూడోరోజు మా ఆవిడ సాంబ్రాణి పట్టింది. నాలుగోరోజు తొడుక్కుంటే గుడి, సెలూను, మందుల కొట్టు మూడూ కలిసి నా వెంట ఆఫీసుకు వచ్చాయి.

మా బావగారిది శాస్త్రీయ దృక్పథం. స్వెటర్‌ను సంచిలో చుట్టి రెండు రోజులు ఫ్రీజర్లో పెట్టారు. చలికి ఏదైనా ఆవిరయ్యే వేగం తగ్గుతుంది కదా. అంటే ఆయన వాసనను పోగొట్టలేదు, భద్రపరిచారు. పక్క ఫ్లాటు ఆయన మరీ ధీరుడు. మరిగే నీళ్లలో చాకలి సోడా కలిపి పిసికారు. ఉన్ని వెంట్రుకకు పొలుసులుంటాయి; వేడిలో నలిపితే అవి ఒకదానికొకటి చిక్కుకుని బట్ట ముడుచుకుపోతుంది. వాసన కొంత మిగిలింది గానీ, స్వెటర్ ఇప్పుడు ఆయన మనవడికి అతికినట్టు సరిపోతోంది.

అసలు మందు గాలి. నీడన, గాలి ఆడేచోట కొన్నాళ్లు పరిచి ఉంచడం, తర్వాత చల్లని నీళ్లలో కుంకుడు రసం కలిపి ముంచి తీయడం, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కడం. అంతే. కానీ మాది రెండు లిఫ్టులు, ఒక ఈతకొలను ఉన్న అపార్ట్‌మెంటు. అక్కడ అన్నీ ఉన్నాయి, బట్ట ఆరేసే హక్కు తప్ప. బాల్కనీలో బట్టలు కనిపిస్తే భవనం పరువు పోతుందని సంఘం తీర్మానించింది. స్వెటర్ పరిచిన రెండోరోజే నాకు నోటీసు వచ్చింది. ‘అభ్యంతరకరమైన వస్త్రం’ అని రాశారు. వాసన సంగతి రాయలేదు. రాసినాయన స్వెటర్‌దీ అదే వాసన.

గొర్రెల కాపరి గొంగడికి ఈ బాధ లేదు. ఎండా వానా దాని మీదే, ఏడాది పొడవునా భుజం మీదే. చిమ్మెట గుడ్లు పెట్టాలంటే చీకటి, కదలిక లేని చోటు కావాలి. చెమటా తిండి మరకలూ ఉన్న ఉన్నయితే దాని పిల్లలకు విందు. మనం ఏడాదికి ఇరవై రోజులు తొడిగి, ‘ఎన్నిసార్లు వేశాం కనుక’ అని ఉతక్కుండా అటకెక్కించి, ఆ విందుకు కలరా ఉండలతో కాపలా పెడతాం. పోనీ, గాలి చొరని డబ్బాలో పెడితే ఆవిరి దట్టంగా పట్టి పురుగు చస్తుంది. మన బీరువా తలుపు సందుల్లోంచి ఆ ఆవిరి హాయిగా బయటికొచ్చి మనల్ని పట్టుకుంటుంది.

ఒక్కమాట నవ్వకుండా చెబుతాను. పసిపిల్లల దుప్పట్లలో, స్వెటర్లలో ఈ ఉండలు వేయకండి. జీ సిక్స్ పీడీ అనే ఎంజైము లోపమున్న బిడ్డలకు ఆ ఆవిరి సోకితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది.

ఇక నా స్వెటర్ విషయానికొస్తే, నోటీసుకు భయపడి రాత్రిళ్లు మాత్రమే దొంగచాటుగా బాల్కనీలో పరుస్తూ వచ్చాను. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. ఆ మర్నాడు ముక్కు ఆనించి చూస్తే ఉత్త ఉన్ని వాసన. విజయగర్వంతో మా ఆవిడకు చూపించాను. ఆమె వాసన చూసి, మడతపెట్టి, అటక మీది పెట్టెలో పెట్టింది.

“ఈసారి నాలుగు ఉండలు వేశాను,” అంది. “పోయినసారి వేసినవాటి వాసన అప్పుడే పోయింది.”