వీధికి మన ఇల్లే అలుగైతే

నల్గొండలో మా నాయినకు బేస్‌మెంట్ అంటే నేల మీద మూడడుగులు. ఇల్లు మొదలుపెట్టేటప్పుడు మేస్త్రీ ముందుగా అడిగేదే అది, "బేస్‌మెంట్ ఎంత లేపుదాం సారూ?" అని. రోడ్డు కంటే ఎంత ఎత్తు లేపితే ఇల్లు అంత భద్రం, చూసేవాళ్లకు అంత గొప్ప. ఆ లెక్కలో బతికిన మనిషి 2014 ఎండాకాలంలో మొదటిసారి అమెరికాలో మేముండే మిషిగన్ వచ్చాడు. అమ్మకూ తనకూ పడకగదిగా మేం మురిసిపోతూ చూపించిన, నేల కిందుండే బేస్‌మెంట్‌లోకి పన్నెండు మెట్లు దిగి, చుట్టూ చూసి, "ఏంది బిడ్డా, ఇంట్లకు ఎక్కుతరు గని గిట్ల దిగుతరా?" అన్నాడు.

అందరం నవ్వాం. ఆగస్టు 11 దాకా నవ్వుతూనే ఉన్నాం. ఆ సోమవారం డెట్రాయిట్ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక్కరోజులో నాలుగున్నర అంగుళాలు దాటి వాన పడింది. ఫ్రీవేలు చెరువులయ్యాయి. మా ఇల్లు ఏ నది పక్కనా లేదు, వాకిట్లో చుక్క నిలవలేదు. అయినా రాత్రి మందులేసుకోవడానికి కిందికి వెళ్లిన అమ్మ కేకేసింది. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన నేలలో ఒక గుండ్రటి జాలీ ఉంటుంది చూడండి, దాని మీద నేనే వాళ్ల సూట్‌కేసు పడుకోబెట్టాను. అదొక జాలీ అని, దానికో పని ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. సూట్‌కేసు ఎత్తితే గుడగుడమంటూ నల్లటి నీళ్లు. వాసన గురించి రాయను. అరగంటలో చీలమండ దాకా వచ్చాయి. తిరుగు ప్రయాణానికి సర్దుకున్న బట్టలు, చుట్టాలకని కొన్న చాక్లెట్లు, మనవరాలు గీసిచ్చిన బొమ్మలు అన్నీ చెత్త సంచుల్లోకి పోయాయి. ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేస్తే మురుగు వెనక్కి తన్నడం మా పాలసీలో లేదన్నారు. దానికి విడిగా ఇంకొంత కట్టి రాయించుకోవాలట. చాలామంది పాలసీల్లో ఇప్పటికీ అది ఉండదు. ఇది చదివాక మీది ఒకసారి తీసి చూడండి.

పాత ఊళ్లలో వాన నీళ్లు, ఇళ్ల మురుగు ఒకే పైపులో పోతాయి. విడివిడి పైపులున్న కొత్త ఊళ్లలో కూడా పగుళ్లలోంచి, మ్యాన్‌హోళ్ల సందుల్లోంచి వాన నీళ్లు మురుగు లైన్‌లోకి దూరతాయి. వీధి పైపు నిండిందంటే అందులో నీటి మట్టం పైకి లేస్తుంది. ఆ మట్టం కంటే కింద ఏ ఇంట్లో కన్నం ఉంటే ఆ ఇంట్లోకి వస్తుంది. మన దిక్కు వాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది: అలుగు. చెరువు నిండితే కట్ట తెగకుండా మిగులు నీళ్లు పోవడానికి కట్ట కంటే తక్కువ ఎత్తులో అలుగు పెడతారు. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద తిరిగిన పిల్లలకు కూడా తెలుసు ఈ సంగతి. వీధి పైపుకు ఎక్కడో నది ఒడ్డున అలుగులాంటిది ఉన్నా, నీళ్లు అక్కడిదాకా పోయేలోపు దారిలో అన్నిటికంటే కిందున్న జాలీయే అలుగవుతుంది. ఆ రాత్రి మా వీధికి అమ్మానాయిన పడుకునే గది అలుగైంది.

ఇదంతా పాత కథే. ఇప్పుడు రాయడానికి కారణం పోయిన జులైలో నల్గొండలో జరిగింది.

అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, మేడ ఎక్కలేదు. అందుకని నాలుగేళ్ల కింద మేం డబ్బులు పంపి కింది గదికి అటాచ్డ్ బాత్‌రూం కట్టించాం. జారని టైల్స్, పట్టుకోవడానికి స్టీల్ రాడ్లు, అన్నీ వీడియో కాల్‌లో చూసి మరీ ఎంచాం. నేను వెళ్లిన మూడో రోజు అర్ధరాత్రి వాన మొదలైంది. రెండు గంటలకు అదే చప్పుడు, గుడగుడ. నిద్రమత్తులో మిషిగన్‌లో ఉన్నాననుకున్నా.

నేను లేచేసరికి నాయిన జాలీ మీద గోనెసంచి మడిచి పెట్టి, దాని మీదికి సన్నెకల్లు ఎత్తుతున్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. రాయి పెట్టగానే నీళ్లు ఆగాయి. నాయిన నా వైపు చూసిన చూపులో కొంచెం గర్వం కూడా ఉంది. నిమిషం తిరక్కముందే హాలు అవతలి బాత్‌రూం జాలీ పొంగడం మొదలుపెట్టింది. అటు పరుగెత్తితే ఇటు కమోడ్‌లో నీళ్లు అంచు వైపు లేస్తున్నాయి. చేతిలో రోకలి పట్టుకుని రెండింటి మధ్య నిలబడి "ఇగ దేని మీద ఏం బెట్టాలె బిడ్డా?" అన్నాడు. తర్వాత నవ్వుకున్నాం గానీ, బేస్‌మెంట్ జాలీకి రబ్బరు బిరడా కొట్టి నిశ్చింతగా పడుకునే అమెరికాలోని మనవాళ్లంతా చేస్తున్నది ఇదే. ఒక కన్నం మూస్తే నీళ్లు ఆగవు, తర్వాతి కన్నం వెతుక్కుంటాయి. బేస్‌మెంట్ షవర్, అక్కడి టాయిలెట్, బట్టలుతికే తొట్టి, వరసగా.

తెల్లారి ప్లంబర్ వచ్చాడు. ఇంట్లోకి రాకుండా గేటు దగ్గరే ఆగి మెట్లు చూశాడు. 1994లో కట్టినప్పుడు మాకు రోడ్డు నుంచి ఐదు మెట్లు. కింది మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కునేవాళ్లం. ఇప్పుడు మిగిలింది ఒకటిన్నర. పాత సీసీ రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు, కొన్నేళ్లకు దాని మీద ఇంకోటి. రోడ్డు లేచినప్పుడల్లా మ్యాన్‌హోల్ మూత కూడా లేచింది, మా ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. నాయిన అంత పట్టుబట్టి లేపిన బేస్‌మెంట్ ఎవరూ తవ్వకుండానే అమెరికా బేస్‌మెంట్ అయి కూర్చుంది.

"బయట ఛాంబర్ మూత ఇంట్ల జాలీ కంటే కిందుండాలె అక్కా. పొంగితే బయటనే పొంగుతది, కడిగి పారేస్తం. మీది ఉల్టా అయింది" అన్నాడు ప్లంబర్. ఇంజినీరింగ్ చదివిన నాకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. పెరట్లో కొత్తగా ఒక గల్లీ ట్రాప్ (ఇంటి మురుగు బయటికి పోయే ముందు చేరే చిన్న తొట్టి) కట్టి, దాని మూత ఇంటి జాలీల కంటే తక్కువ ఎత్తులో పెట్టి, అది దాటాక రోడ్డు వైపు లైన్‌లో ఒక ఎన్ఆర్‌వీ, అంటే నాన్ రిటర్న్ వాల్వ్, పెడదామన్నాడు. పక్కింటాయన మాత్రం, అదంతా ఎందుకు, ఐదొందలిస్తే ఛాంబర్‌లోకి దిగే మనిషి ఉన్నాడని సలహా ఇచ్చాడు. ఏ రక్షణా లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరమని చెప్తే నన్ను వింతగా చూశాడు. అమెరికా నుంచి వచ్చింది గదా అనుకుని ఉంటాడు. రెండు రోజులు ఆగి మెషీన్‌తోనే తీయించాం.

ఎన్ఆర్‌వీ అంటే ఏంటో నాయినకు చెప్పబోతే సగంలోనే ఆపేశాడు. "మన బాయి మోటర్‌కు ఫుట్‌వాల్వ్ లేదా? గదే గదా?" అదే. లోపల ఒక రేకు. నీళ్లు ఒక వైపు పోతుంటే తెరుచుకుంటుంది, వెనక్కి తంతే మూసుకుంటుంది. అమెరికాలో దీన్నే బ్యాక్‌వాటర్ వాల్వ్ అంటారు. వెంటనే రెండో ప్రశ్న వేశాడు: "మరి పుల్ల ఇరికితే?" వ్యవసాయం చేసిన వాళ్లకు తప్ప ఈ ప్రశ్న రాదు. ఫుట్‌వాల్వ్‌లో నాచో పుల్లో ఇరికితే రేకు పూర్తిగా మూసుకోదు, నీళ్లన్నీ బావిలోకి జారిపోతాయి. ఇక్కడా అంతే. బజ్జీలు వేయించిన నూనె సింకులో పోస్తే చలికి గడ్డకట్టి ఆ రేకు అంచుకు పడుతుంది. పిల్లల వైప్స్, చింతపండు పిప్పి వచ్చి దానికి చుట్టుకుంటాయి. ఆరు నెలలకోసారి మూత తీసి కడగని వాల్వ్ ఉన్నా లేనట్టే. వాల్వ్ పెట్టించిన మా స్నేహితుల్లో అది నేలలో ఎక్కడుందో చూపించగలిగినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లు దాని మీద కార్పెట్ వేయించేశారు.

జాలీ ఒక్కటే సమస్య అయితే చవక దారులున్నాయి. జాలీ గొంతులో దిగి కూర్చుని, కింద నుంచి నీళ్లొస్తే తేలి మూసుకునే బంతి లాంటిది దొరుకుతుంది. పాత ఇళ్లలో కొందరు జాలీ తీసి రెండు మూడు అడుగుల గొట్టం నిలువుగా బిగిస్తారు. నీళ్లు నేల మీదికి రాకుండా ఆ గొట్టంలో లేచి ఆగుతాయి. దాన్ని చూసి నాకు భయం. అడుగు ఎత్తు నీళ్లు చదరపు అడుగుకు సుమారు 62 పౌండ్ల బరువుతో నెడతాయి. గొట్టంలో నీళ్లు ఎంత ఎత్తు లేస్తే, నేల కింద ఉన్న పాత మట్టిపైపుల అతుకుల మీద అంత ఒత్తిడి. అతుకు వదిలితే ఆ తోపు కింది నుంచి బేస్‌మెంట్ నేల కాంక్రీటు మీదికి వస్తుంది.

ఇంటి మురుగంతా పోయే మెయిన్ లైన్‌లో పెట్టే వాల్వ్‌కు ఇంకో మెలిక ఉంది. అది మూసుకున్నాక వీధి నీళ్లు లోపలికి రావు, బాగానే ఉంది. మన నీళ్లు బయటికి కూడా పోవు. వానకు వాల్వ్ మూసుకున్న సాయంత్రం ఇంట్లో ఇరవై మందికి భోజనాలు పెట్టి, పైన డిష్‌వాషర్ వేసి, ముగ్గురు స్నానాలు చేస్తే, ఆ నీళ్లన్నీ మన బేస్‌మెంట్ జాలీలోంచే వస్తాయి. అప్పుడు ఊరిని తిట్టుకుని లాభం లేదు. పాత ఇళ్లలో పైకప్పు వాన గొట్టాలు కూడా వాల్వ్‌కు లోపలి వైపే మురుగు లైన్‌లో కలిసి ఉంటాయి. వాటిని విడదీయకుండా వాల్వ్ పెట్టడమంటే మన కప్పు మీది వానను మన ఇంట్లోకే మళ్లించుకోవడం. బేస్‌మెంట్ మురుగును గుంతలోకి దింపి, అక్కడి నుంచి పంపుతో రోడ్డు ఎత్తు దాటించి పంపే పద్ధతి అన్నిటికంటే గట్టిది, ఖర్చు కూడా గట్టిదే. ఏది చేసినా పర్మిట్ తీసుకుని లైసెన్స్ ఉన్న ప్లంబర్‌తోనే చేయించండి. టొరంటో లాంటి నగరాలు ఖర్చులో కొంత సబ్సిడీగా ఇస్తాయి, మీ ఊళ్లో ఉందేమో అడగండి. ఎప్పుడైనా నీళ్లు వచ్చేస్తే మాత్రం కరెంట్ ఆపిందాకా ఆ నీళ్లలో కాలు పెట్టకండి.

ఇంకో మాట కూడా మన రెండు ఊళ్ల మధ్య తిరగబడింది. సంపు. అమెరికాలో సంప్ అంటే పునాది చుట్టూ ఊరే నీళ్లు చేరే గుంత. ఆ గుంతలోని పంపుకూ మురుగు లైన్‌కూ సంబంధం లేదు, "మాకు సంప్ పంప్ ఉంది, భయం లేదు" అనుకునేవాళ్లకు ఇది తెలియాలి. నల్గొండలో సంపు అంటే తాగే నీళ్లు. మా ఇంట్లో అది మురుగు ఛాంబర్‌కు ఆరడుగుల దూరంలో, నేలకు సమానంగా మూతతో ఉంది. ఆ రాత్రి పెరట్లో నిలిచిన నీళ్లు దాని మూత మీదుగా పారాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తాగి ఎముకలు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగిన జిల్లా మాది. ఎన్నేళ్ల కొట్లాట తర్వాతో కృష్ణా నీళ్లు ఇంటికొస్తే, వాటిలో మోరీ నీళ్లు కలుపుకున్నాం. సంపు మొత్తం తోడి, బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించి, మూత చుట్టూ అడుగున్నర గోడ లేపించాం. ఆ పని టైల్స్ ఎంచడానికి ముందే చేయాల్సింది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. మిషిగన్‌లో అమ్మానాయినలకు బేస్‌మెంట్ ఇచ్చాం, చల్లగా ఉంటుందని. నల్గొండలో కింది గది ఇచ్చాం, మెట్లెక్కలేరని. రెండు చోట్లా ప్రేమతోనే. రెండు చోట్లా వాళ్ల మంచం వీధి మొత్తానికి అలుగు పక్కన వేశాం. హోం థియేటర్‌కు, బార్ కౌంటర్‌కు కాంట్రాక్టర్లతో నెలల తరబడి మాట్లాడతాం. ఊళ్లో ఇంటికి ఎలివేషన్ డిజైన్ వాట్సాప్‌లో పదిసార్లు మార్పిస్తాం. జాలీ ఎత్తు ఎంత, బయటి మూత ఎత్తు ఎంత అని ఒక్కసారి కూడా అడగం. మట్టం గొట్టం పట్టుకున్న మేస్త్రీకి ఐదు నిమిషాల పని అది.

మిషిగన్‌లో మనవాళ్ల అసోసియేషన్ కమిటీకి ఒక విన్నపం. బతుకమ్మ పండుగకు ప్రతి ఏడూ హైవే పక్క ప్లాట్లు అమ్మే స్టాళ్లు ఐదారు పెడుతున్నారు. ఈసారి ఒకటి తగ్గించి, ఆ టేబుల్ ఒక ప్లంబర్‌కు ఇవ్వండి. వాల్వ్ ఒకటి కోసి తెచ్చి రేకు ఎలా కదులుతుందో చూపిస్తాడు. ఆయన్ని నేను మాట్లాడి పెట్టాను, నాయిన కూడా వస్తానంటున్నాడు, ఫుట్‌వాల్వ్ సంగతి ఆయనే చెప్తాడట. స్టాల్ ఫీజు మాత్రం అడగొద్దు.