షుగర్ అంకెలు సరే, అరికాలు ఎవరు చూస్తున్నారు?

అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎటు వెళ్లినా చెప్పులు విడిచి ఎక్కడమే ఆనవాయితీ. చిత్తూరు వైపు వారికి పౌర్ణమి వస్తే అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ కూడా ఉంటుంది. ఇక ఇంట్లో చెప్పులు వేసుకునే అలవాటు మనకు ఎటూ లేదు. వట్టి కాళ్లతో ఇంతగా నడిచే చోట మధుమేహుల పాదాల గురించి ఎక్కువ మాట్లాడుకోవాలి. మన మాటలన్నీ మాత్రం పరగడుపున ఎంత, తిన్నాక ఎంత అన్న దగ్గరే ఆగిపోతున్నాయి.

ఏళ్ల తరబడి షుగర్ అదుపు తప్పితే పాదాల నరాలు ముందుగా దెబ్బతింటాయి. తిమ్మిర్లు, మంటలు, సూదులు గుచ్చినట్లు బాధ మొదలవుతాయి. కొంతకాలానికి కొందరిలో ఆ మంటలు తగ్గుతాయి. మందు పనిచేసిందని సంతోషిస్తారు. నిజానికి అది స్పర్శ పోవడం కావచ్చు. వేసవిలో తిరుమల మాడ వీధుల్లో కాళ్లు కాలకుండా తెల్ల రంగు వేస్తారు, నీళ్లు చల్లుతారు. వేడి తెలిసినవారు ఆ తెల్ల దారి మీదికి పరుగెత్తుతారు. స్పర్శ లేనివారు కాలే నేల మీదే నింపాదిగా నడిచి వెళతారు; బొబ్బల సంగతి బసకు చేరాక గాని తెలియదు. దానికి తోడు కాళ్ల రక్తనాళాలు సన్నబడి ఉంటే ఆ పుండు ఒక పట్టాన మానదు. చీము పట్టి ఎముక దాకా పోతే వేలు, ఒక్కోసారి కాలు తీసేయాల్సి వస్తుంది.

మధుమేహుల్లో 19 నుంచి 34 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కాలి పుండు రావచ్చని వైద్య అంచనా. దేశంలో షుగర్ ఉన్నవారు పది కోట్ల పైమాటేనని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. ఇంత ముప్పును పసిగట్టే పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలిని తాకి చూస్తారు, పాదం మీద నాడి పట్టి చూస్తారు. ఏడాదికి ఒకసారైనా ఇది జరగాలి. స్పర్శ తగ్గినవారికి ఇంకా తరచుగా కావాలి. చెప్పులు విప్పించకుండానే చీటీ రాసి పంపే వైద్యం నా దృష్టిలో సగం వైద్యమే.

స్పర్శ పోయినవారు మెట్ల మొక్కు పెట్టుకోకూడదన్నది నా అభిప్రాయం. కొండకు బస్సులున్నాయి, తలనీలాల మొక్కు ఉంది. భక్తిని తక్కువ చేస్తున్నానని కోప్పడేవారు పుండుతో మంచాన పడ్డవారి ఇంటికి ఒకసారి వెళ్లి రావాలి.

ఇంట్లోనూ మెత్తని చెప్పులు వేసుకోవాలి. కుష్ఠు వల్ల స్పర్శ పోయినవారికి ఇస్తూ వచ్చిన ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బర్ అనే మెత్తని రబ్బరు) చెప్పులు వీరికీ పనికొస్తాయి, వెనక పట్టీ ఉంటే మరీ మంచిది. ఆనెలను బ్లేడుతో కోయడం, జిల్లేడు పాలు పూయడం, మంటలకు వేడినీళ్లలో కాళ్లు పెట్టడం మానాలి. కొబ్బరినూనె రాసుకోవచ్చు గాని వేళ్ల సందుల్లో రాయకూడదు.

రోజూ పాదాలు చూసుకోమని చెప్పడం తేలికే. వంగలేని, చూపు మందగించిన పెద్దలకు అది సాధ్యమా? ఆ పని ఇంట్లో పిల్లలు తీసుకోవాలి. పెద్దవారిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లో బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను సుతారంగా తాకి, తెలిసిందా అని అడగాలి. ఆరింటిలో రెండు చోట్ల తెలియకపోయినా డాక్టరుకు చూపించాలి. బీపీ, షుగర్ చూసే ఆరోగ్య కార్యకర్తలు ఇదే పరీక్షను ప్రతి పల్లెలో చేయగలరు. అందుకు ప్రభుత్వం కొత్తగా కొనాల్సిన పరికరమంటూ ఏదీ లేదు.