చూడని జబ్బుకు కోత

‘గర్భసంచికి పుండు పడింది. తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది.’ తెలుగు నేల మీద ఈ రెండు మాటలు విన్న ఆడవాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు. గర్భసంచి పోగొట్టుకున్నవారి లెక్క మాత్రం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. వీరందరినీ క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టారని మేం అనడం లేదు. ఆగని రక్తస్రావంతో, పెద్ద గడ్డలతో ఏళ్ల తరబడి బాధపడి, వేరే దారి లేక తీయించుకున్నవారూ ఇందులో ఉన్నారు. అయితే మన గర్భసంచులకు మాత్రమే దేశంలో మరెక్కడా లేనంత జబ్బు ఎందుకు వస్తున్నదో చెప్పగల వైద్యశాస్త్రం ఇంతవరకూ లేదు.

అదే సర్వేలో మరో అంకె ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం జీవితంలో ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్న 30-49 ఏళ్ల మహిళలు దేశంలో 1.9 శాతం. నూటికి ఇద్దరు కూడా లేరు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. క్యాన్సర్ ఉందా లేదా అని పరీక్ష చేయించుకున్నవారి శాతం కన్నా గర్భసంచి తీయించుకున్నవారి శాతమే ఎక్కువ. వెతకని జబ్బు పేరు చెప్పి కోస్తున్నారు. నిజంగా జబ్బు ఉన్నవారిని వెతకడం లేదు. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మంది మహిళలకు ముఖద్వార క్యాన్సర్ వస్తుంటే, దాదాపు 80 వేల మంది దానితో చనిపోతున్నారు. ఇన్ని కోతలు కోసినా ఈ చావులు ఆగలేదంటే, కత్తి పడుతున్నది పడవలసిన చోట కాదన్నమాట.

క్యాన్సర్ అన్న మాట చెప్పే అధికారం ఎవరిది? నాడి చూసినవారిది కాదు, స్కానింగ్‌లో మసక నీడ చూసినవారిది కాదు, కమీషన్ కోసం పేషెంటును ఆసుపత్రి గుమ్మం దాకా తెచ్చిన ఆర్‌ఎంపీది అసలే కాదు. అనుమానం ఉన్న చోటి నుంచి చిన్న ముక్క తీయాలి, దీన్నే బయాప్సీ అంటారు. ఆ ముక్కను దాని పరిమాణానికి కనీసం పదింతల ఫార్మాలిన్‌లో, అంటే కుళ్లకుండా ఉంచే ద్రవంలో, వేయాలి. ఆ ద్రవం కణజాలంలోకి గంటకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే ఇంకుతుంది కాబట్టి తొందరపడితే కుదరదు. తర్వాత ఆల్కహాల్‌తో అందులోని నీరు తీసేసి, మైనంలో దిమ్మె కట్టి, మిల్లీమీటరులో వెయ్యోవంతులు నాలుగైదు ఉండే మందాన పొరలు కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు వేయాలి. కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా తేలుతుంది. అప్పుడు పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో చూసి కణాలు వరస తప్పాయో లేదో, తప్పితే ఎంత మందాన తప్పాయో, కింది పొరను చీల్చుకుని లోపలికి దిగాయో లేదో చెబుతారు. కిందికి దిగితే క్యాన్సర్. దిగకుండా పైనే ఉంటే క్యాన్సర్‌కు ముందు దశ. ఈ తేడా కంటికి కనపడదు, చేతికి తగలదు. దాన్ని చెప్పగలిగేది ఆ గాజు పలక ఒక్కటే.

మన ఊళ్లలో ‘పుండు’ అని చెప్పేది చాలాసార్లు పుండే కాదు. ముఖద్వారం లోపలి పొర కాస్త బయటికి కనబడితే ఎర్రగా ఉంటుంది. పిల్లలు కనే వయసులో అది మామూలే. తెల్లబట్ట అవుతున్నదంటే చాలా సందర్భాల్లో ఇన్ఫెక్షనే కారణం, మందులతో పోతుంది. ఇక నిజంగానే కణాలు మారాయనుకుందాం. ముఖద్వారంలో ముందు దశలను మూడు మెట్లుగా చెబుతారు. మొదటి మెట్టు మార్పులు ఎక్కువమందిలో వాటంతట అవే తగ్గిపోతాయి. రెండో మెట్టు, మూడో మెట్టు మార్పులకు చికిత్స అవసరం. అది చెడిన భాగాన్ని చల్లబరిచో వేడితోనో మాడ్చడం, లేదా కరెంటు తీగతో ఆ కొంచెం భాగాన్ని కోసి తీయడం. మత్తు సూదితో, నిమిషాల్లో అయిపోతుంది. గర్భసంచి ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈ మార్పులకు కారణమైన హెచ్‌పీవీ అనే వైరస్ సోకిన నాటి నుంచి క్యాన్సర్ దాకా సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత నిదానంగా నడిచే జబ్బుకు ‘రేపు పొద్దున్నే చేరిపోండి, బిడ్డల ముఖం చూడండి’ అని తరమడం వైద్యం ఎలా అవుతుంది?

గర్భసంచి లోపలి పొర మందమైందని చెప్పి తీసేసే కేసులూ ఇలాంటివే. పొర మందం స్కానింగ్‌లో తెలుస్తుంది. కణాలు వికృతమయ్యాయో లేదో స్కానింగ్‌కు తెలియదు. వికృతి లేని మందానికి ప్రొజెస్టెరాన్ మందులు, హార్మోన్ విడుదల చేసే లూప్ సరిపోతాయి. అది 20 ఏళ్లలో క్యాన్సర్‌గా మారే అవకాశం 5 శాతం లోపే. వికృతి ఉంటే మాత్రం గర్భసంచి తీయమనడం సరైన సలహాయే. ఒకే స్కానింగ్ రిపోర్టు ఉన్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకరికి మాత్రలు, ఒకరికి ఆపరేషన్. ఎవరికి ఏది అన్నది తేల్చేది లోపలి పొర నుంచి తీసిన చిటికెడు ముక్క. ఆ చిటికెడు ముక్క తీయడానికి లేని తీరిక గర్భసంచి మొత్తం తీయడానికి ఎలా దొరుకుతున్నది?

గుడ్డి కోత వల్ల ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషికి మాత్రమే నష్టమనుకుంటే పొరపాటు. నిజంగా క్యాన్సర్ ఉన్న మనిషికి అంతకన్నా ఎక్కువ నష్టం. ముఖద్వారంలో క్యాన్సర్ ముదిరిందని తెలియకుండా మామూలు ఆపరేషన్‌లా గర్భసంచి తీసేస్తే, చుట్టూ ఉన్న కణజాలంలో జబ్బు మిగిలిపోతుంది. చేయవలసింది పెద్ద ఆపరేషనో, రేడియేషనో ముందే తేలాలి. కోశాక ఆ లెక్క తప్పుతుంది. అలాంటి రోగులు నెలల తర్వాత మళ్లీ రక్తస్రావంతో క్యాన్సర్ ఆసుపత్రికి వస్తే, అక్కడి డాక్టర్లు మొదట అడిగేది ‘బయాప్సీ రిపోర్టు ఏది?’ అని. సంచిలోంచి తీసి చూపించడానికి డిశ్చార్జి కాగితం తప్ప ఏమీ ఉండదు. లేని జబ్బుకు గర్భసంచి పోయింది ఒకరికి, ఉన్న జబ్బుకు చికిత్స చెడింది మరొకరికి. రెండింటికీ కారణం ఒకటే. కోసే ముందు చూడలేదు.

పోనీ కోశాకైనా చూస్తున్నారా? చిన్న నర్సింగ్ హోముల్లో ఆపరేషన్ అయ్యాక జరిగే తంతు మన పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. స్టీలు ట్రేలో గర్భసంచిని పెట్టి బయట బెంచీ మీద కూర్చున్న బంధువులకు చూపిస్తారు. ‘చూశారా, ఎంత వాచిపోయిందో’ అంటారు. రక్తం చూసి బెదిరిన మనుషులు తల ఊపుతారు. ఆ ట్రే ఆ తర్వాత ఎక్కడికి పోతున్నదో ఎవరూ అడగరు. కొన్నిచోట్ల ప్లాస్టిక్ డబ్బాలో వేసి ‘ల్యాబ్‌లో ఇచ్చి రండి’ అని బంధువుల చేతికే ఇస్తారు. అందులో పోసింది ఫార్మాలినా సెలైనా అన్నది వాళ్లకెలా తెలుస్తుంది? సెలైన్‌లో వేస్తే ముక్క కుళ్లిపోతుంది, కుళ్లిన ముక్క ఏ సాక్ష్యమూ చెప్పదు. కోయకుండా అలాగే ముంచిన గర్భసంచిలో ఫార్మాలిన్ లోపలి పొర దాకా చేరదు. పేషెంటు పేరు తప్ప వయసు, లక్షణాలు ఏమీ రాయని కాగితం దానికి జత. నిజానికి ట్రే చూపించవలసింది బావగారికీ మేనమామకూ కాదు, పాథాలజిస్టుకు.

ఆడవాళ్లే వచ్చి తీసేయమని అడుగుతున్నారని, పల్లెల నుంచి వచ్చినవారు రిపోర్టు కోసం మళ్లీ రారని, జిల్లాల్లో పాథాలజిస్టులు తక్కువని వైద్యులు అంటున్నారు. ముక్క పరీక్ష కోసం ఆగకుండా అక్కడికక్కడే చికిత్స చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందని గుర్తు చేసేవారూ ఉన్నారు. నిజమే, చెప్పింది. అది ముఖద్వారం మీది కొద్ది భాగాన్ని మాడ్చే చికిత్స గురించి. గర్భసంచిని, వీలైతే అండాశయాలతో సహా, పీకి పారేయడం గురించి కాదు. ఇక ఆడవాళ్లే అడుగుతున్నారన్న వాదన. క్యాన్సర్ అవుతుందని చెప్పాక ఎవరు అడగరు? భయం పుట్టించి, ఆ భయంతో వచ్చిన సంతకాన్ని ఒప్పుకోలుగా చూపించడం పేదల బతుకులతో ఆడుకోవడమే. ముట్టు ఆగని వయసులో అండాశయాలు పోతే ఒంట్లో హార్మోన్ ఒక్క రోజులో ఆగిపోతుందని, ఎముకలు గుల్లబారతాయని, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని ఆ సంతకానికి ముందు ఎంతమందికి చెప్పారు? కూలికి పోయే ముప్పై అయిదేళ్ల మనిషికి నడుము నొప్పి ఆపరేషన్‌తో పోతుందని చెప్పినవారు, ఆపరేషన్ తర్వాత కొత్తగా మొదలయ్యే నొప్పుల మాట ఎందుకు చెప్పలేదు?

న్యూజీలాండ్‌లో దీనికి తలకిందుల తప్పు జరిగింది. ఆక్లండ్‌లోని నేషనల్ విమెన్స్ ఆసుపత్రిలో హెర్బర్ట్ గ్రీన్ అనే వైద్యుడు, ముందు దశ మార్పులు క్యాన్సర్‌గా మారవని నిరూపించాలని 1966 నుంచి చికిత్స చేయకుండా ఆడవాళ్లను ఊరికే గమనిస్తూ పోయాడు. ప్రయోగంలో ఉన్నామని వాళ్లకే తెలియదు. అదే ఆసుపత్రిలోని పాథాలజిస్టు జాక్ మెక్లీన్, ముఖద్వార పరీక్షలు చేసే బిల్ మెకిండో తప్పు జరుగుతున్నదని మొత్తుకున్నా పెద్దలు వినలేదు. వాళ్లు ఊరుకోలేదు. 1984లో వివరాలు ప్రచురించారు. 1987లో ఒక పత్రిక ఆ కథను బయటపెట్టింది. 1988లో జడ్జి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ నివేదిక వచ్చింది. 2008లో మళ్లీ లెక్క తీస్తే, సరైన చికిత్స అందనివారిలో 30 ఏళ్లలో సుమారు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చిందని, సరైన చికిత్స అందినవారిలో అది 1 శాతం లోపేనని తేలింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నిజం ఎలా తేలింది? రిపోర్టులు ఉన్నాయి. గాజు పలకలు ఉన్నాయి. ఎవరి ముక్కలో ఏ రోజున ఏమి కనబడిందో రాసి ఉంది. మన దగ్గర రేపు అలాంటి విచారణే జరిగితే విచారణాధికారి ముందు పెట్టడానికి ఏముంది? చేసిన తప్పును దాచడం అక్కడి పెద్దల వల్ల కాలేదు. ఇక్కడ దాచవలసిన పని కూడా లేదు, సాక్ష్యమే పుట్టలేదు కాబట్టి.

ప్రభుత్వాలకు ఇదంతా తెలియక కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గర్భసంచి ఆపరేషన్లు వెల్లువెత్తాయని గోల పుడితే, కొన్నేళ్లకు ప్రైవేటు ఆసుపత్రులకు ఆ డబ్బు ఆపి చేతులు దులుపుకున్నారు. దానితో కార్డు చెల్లని చోట అప్పు చేసి చేయించుకోవలసి వచ్చింది. అనవసర కోతలపై రాజస్థాన్ వైద్యుడు నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెబుతూ, కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీలు వేయాలన్నది అందులో ఉంది. ఆ మూడు నెలలు ఎప్పుడో గడిచాయి. మీ జిల్లా కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో, ఎన్ని ఆపరేషన్లను ప్రశ్నించిందో, ఎన్ని పాథాలజీ రిపోర్టులు తెప్పించి చూసిందో కలెక్టర్లు చెప్పగలరా? దేశంలో మొదటి రెండు స్థానాల్లో ఉన్న రాష్ట్రాలు ఈ తీర్పును అందరికన్నా ముందు అమలు చేసి ఉండవలసింది.

శిబిరాలకు మాత్రం లోటు లేదు. క్యాన్సర్ దినం నాడు గులాబీ రిబ్బన్లు, ర్యాలీలు, మంత్రిగారి ఫొటో, ఇన్ని వేల మందిని పరీక్షించామన్న ప్రకటన. పరీక్షలో అనుమానం వచ్చినవారిలో ఎంతమంది ముక్క ల్యాబ్‌కు చేరింది? ఎన్ని రోజులకు రిపోర్టు వచ్చింది? రిపోర్టు వచ్చినవారిలో ఎంతమందిని వెనక్కి పిలిచి చికిత్స చేశారు? ఆ మూడు అంకెలు ఏ ప్రకటనలోనూ ఉండవు. శిబిరం ఫొటో తెల్లారేసరికి వస్తుంది, రిపోర్టుకు వారం పడుతుంది. అందుకే మన పాలకులకు శిబిరమంటే ఇష్టం, పాథాలజీ అంటే చిరాకు. పాథాలజిస్టులు లేరన్న సాకూ ఇక చెల్లదు. తెలంగాణలో జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల పెట్టామని గొప్ప చెప్పుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త కళాశాలల మీద రాజకీయ యుద్ధాలే జరుగుతున్నాయి. పాథాలజీ విభాగం లేకుండా వైద్య కళాశాలకు అనుమతే రాదు. విభాగం ఉంది, సూక్ష్మదర్శిని ఉంది, జీతం తీసుకునే ప్రొఫెసర్లు ఉన్నారు. పక్క వీధి నర్సింగ్ హోములో తీసిన గర్భసంచి ఆ బల్ల మీదికి ఎందుకు రావడం లేదు?

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. ఆపరేషన్‌కు ముందు ముఖద్వార పరీక్ష, అవసరమైనచోట లోపలి పొర బయాప్సీ లేకుంటే థియేటర్ తలుపు తెరవకూడదు. తీసిన ప్రతి గర్భసంచీ పాథాలజిస్టు ముందుకు వెళ్లాలి. సంతకంతో ఉన్న ఆ రిపోర్టు జతపరచని బిల్లుకు ఆరోగ్యశ్రీ అయినా, బీమా కంపెనీ అయినా ఒక్క రూపాయి ఇవ్వకూడదు. మైనం దిమ్మెలను, పలకలను దాచి ఉంచాలి. క్యాన్సర్ భయంతో చేశామని కేసు షీటులో రాసి, రిపోర్టులో ఆ ఛాయలే లేని కేసులను ఆసుపత్రుల వారీగా జిల్లా కమిటీ ఏటా బయటపెట్టాలి. ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఆరోగ్యశాఖ మంత్రులు సంతకం పెడితే సరిపోయే పనులివి.

ఇన్నేళ్లుగా ఆ సంతకం ఎందుకు పడలేదో రెండు ప్రభుత్వాలూ చెప్పాలి. రిపోర్టులు అడిగితే ఏ ఆసుపత్రుల పేర్లు బయటికి వస్తాయోనన్న బెంగ ఉంటే అదీ చెప్పండి. దేశంలో మొదటి స్థానం, రెండో స్థానం మావని చెప్పుకునే ప్రకటనల్లో ఈసారి ఈ 8.7, 8.2 కూడా వేయించండి. పక్కన మీ ఫొటోలూ పెట్టుకోండి.