నెయ్యి తాగిస్తే లీక్ మానదు: ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

కొన్ని వారాలుగా మా హనుమకొండ ఫ్రెండ్స్ గ్రూపులో, చుట్టాల గ్రూపులో, ఆఖరికి కాలనీ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కుట్లు లీకైతే డాక్టర్లు చేసే మోసం తెలుసుకోండి" అని మొదలవుతుంది. కింద ఏడు పాయింట్లు. లీక్ అయిందంటే ఆపరేషన్ ఫెయిల్ అయినట్టేనట. స్టెంట్ (అన్నవాహిక లోపల పెట్టే జాలీ గొట్టం) వేస్తే జీవితాంతం తీయరట. మూడోది వైద్యం: పరగడుపున గోరువెచ్చని ఆవునెయ్యిలో పసుపు, తేనె కలిపి తాగిస్తే అతుకు దానంతటదే మూసుకుంటుందట. తర్వాత, స్పాంజి లోపల పెట్టి వదిలేస్తే కుళ్ళుతుందట, ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూడటం) చేసినకొద్దీ లీక్ పెద్దదవుతుందట, క్యాన్సర్ పాకుతుందట, స్టెంట్ ఉన్నవాళ్ళు సెల్‌ఫోన్ జేబులో పెట్టుకోకూడదట.

మా మేనమామకు ఇదే ఆపరేషన్ అయింది, ఇదే లీక్ వచ్చింది, ఎండోస్కోపీతోనే మానింది. అది తెలిసినవాళ్ళు కూడా నాకే ఈ మెసేజ్ పంపి "నిజమేనా?" అని అడుగుతుంటే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు మూడో పాయింట్. మిగతావి తప్పులు, ఇది ప్రాణం తీసేది.

క్యాన్సర్ ఉన్న అన్నవాహికను తీసేశాక కడుపునే గొట్టంలా మలిచి పైకి లాగి, మెడలోనో ఛాతీలోనో మిగిలిన కొసకు కలిపి కుడతారు. లీక్ అంటే ఆ అతుకు దగ్గర సందు పడటం. అతుకు ఛాతీలో ఉంటే ఆ సందు అవతల ఉండేది గుండె, ఊపిరితిత్తులు, పెద్ద రక్తనాళాలు. నోట్లో పోసిన నెయ్యి కిందికి దిగేలోపే సందులోంచి అక్కడికి చేరుతుంది, దాంతోపాటు నోట్లోని సూక్ష్మక్రిములూ చేరతాయి. ఆ తర్వాత చీము, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా దెబ్బతీయడం), వెంటిలేటర్. పైపు పగిలిందని తెలిస్తే ఎవరైనా ముందు వాల్వు కడతారు, ఇంకో బిందెడు నీళ్ళు వదలరు. నోటి నుంచి చుక్క కూడా ఇవ్వొద్దని డాక్టర్లు చెప్పేది అందుకే.

పసుపు యాంటీసెప్టిక్ కదా అని ఒక అన్న వాదించాడు. అన్నా, కూరగాయలు తరుగుతుంటే వేలు తెగితే పెట్టుకునే పసుపు వేరు. ఛాతీ లోపల ఇన్ఫెక్షన్ పడుతున్న చోటికి వంటింటి డబ్బాలోని పొడిని నెయ్యిలో కలిపి పంపడం వేరు. ఇంకోటి, ఈ ఆపరేషన్‌లో కొందరికి గొంతు నరం దెబ్బతిని గొంతు బొంగురుపోతుంది, మింగేది దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె, నెయ్యి అలా లోపలికి పోతే వచ్చే న్యుమోనియా యాంటీబయాటిక్స్‌తో తేలిగ్గా తగ్గదు. ఈ మెసేజ్ రాసినవాళ్ళకు ఇవేమీ తెలియవు. తెలుసుకోవాలన్న ఆలోచనా లేదు.

కానీ దీన్ని జనం ఎందుకు నమ్ముతారో నాకు తెలుసు. మామ వార్డులో ఉన్నప్పుడు పక్క బెడ్ దగ్గర ఒక పెద్దమ్మ కొంగు చాటున చిన్న సీసాతో నెయ్యి తెచ్చింది. సిస్టర్ చూసి ఆపేసరికి ఆమె ఏడుపు: "ఎన్ని దినాలాయె బిడ్డా, మా ఆయన నోట్ల మెతుకు పడక, ఒక్క చెంచా పోస్తే ఏమైతది?" ఆమె మోసం చెయ్యడానికి తేలేదు, ఆకలి చూడలేక తెచ్చింది. ఆమెకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాల్సింది ఇది: ఆయనకు తిండి అందుతూనే ఉంది. పొట్ట పక్క నుంచి చిన్నపేగులోకి పెట్టిన ఆ సన్నని పైపు అందుకే ఉంది. అతుకు కింది నుంచి, దానికి తగలకుండా, ప్రొటీన్, కేలరీలు లెక్కగట్టి పోస్తారు. గాయం మానాలంటే తిండి కావాల్సిందే, అది ఏ దారిన వెళ్తుందన్నదే ఇక్కడ ప్రశ్న.

నోరు కట్టేస్తే చాలదా, స్టెంటూ స్పాంజీ ఎందుకని అడగొచ్చు. ఏమీ తినకపోయినా మనిషి రోజుకు లీటరు దాకా లాలాజలం మింగుతూనే ఉంటాడు. అది ఆ సందు గుండా కారుతూనే ఉంటుంది. దాన్ని దారి మళ్ళించాలి, లేదా లాగేయాలి. ఎండోస్కోపీ వైద్యం చేసేది ఆ పనే.

ఇప్పుడు స్టెంట్ సంగతి. "జీవితాంతం తీయరు" అన్నది ఎక్కణ్ణుంచి వచ్చిందో కొంచెం ఆలోచిస్తే అర్థమవుతుంది. మన ఊళ్ళలో అన్నవాహిక క్యాన్సర్ చాలాసార్లు ముదిరాక బయటపడుతుంది, ముద్ద దిగనప్పుడు గానీ ఆస్పత్రికి పోరు. అప్పటికి ఆపరేషన్‌కు వీలుండదు కాబట్టి కనీసం గంజి దిగడానికని స్టెంట్ వేస్తారు, అది ఉండిపోతుంది, మనిషి కొన్ని నెలల్లో పోతాడు. ఊరి జనానికి గుర్తుండిపోయేది ఆ స్టెంటే. లీక్‌కు వేసేది పూర్తిగా పొర కప్పిన స్టెంట్, తీయడానికే వేసేది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో తీసేస్తారు, అంతకన్నా ఎక్కువ ఉంచితే కండ పట్టి తీయడం కష్టమవుతుందని. దానికీ ఇబ్బందులున్నాయి, చోటు మారి కిందికి జారడం అందులో పెద్దది, అందుకే మధ్యలో ఎక్స్‌రేలు తీస్తారు. ఈ రెండు స్టెంట్లనూ ఒకే గాట కట్టి భయపెడితే, బతికే మనిషి వైద్యం వద్దని సంతకం పెట్టి ఇంటికొస్తాడు. అప్పుడు ఆ మెసేజ్ పంపినవాళ్ళు వచ్చి చూస్తారా?

స్పాంజి కుళ్ళుతుందన్న మాట. మామకు పెట్టింది అదే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువే చెప్తాను. ముక్కులోంచి వేసే గొట్టం కొసకు స్పాంజి ముక్క కట్టి, ఎండోస్కోపీతో ఆ సందులోకి, లేదా దాని వెనక ఏర్పడిన చీము గుంతలోకి పెడతారు. గొట్టం రెండో కొస సక్షన్ మెషిన్‌కు. సాధారణంగా 125 మిల్లీమీటర్ల (బీపీ కొలిచే పాదరసం లెక్కలో) ఒత్తిడితో అది ఎడతెగకుండా లాగుతుంటే చీము, లాలాజలం బయటికి వస్తాయి, గుంత కుంచించుకుపోతుంది, గోడలకు రక్తం బాగా అంది కొత్త కండ వస్తుంది. జర్మనీలో మొదట పెద్దపేగు చివరి అతుకుల లీకులకు వాడి, తర్వాత అన్నవాహికకు తెచ్చిన పద్ధతి ఇది. మూడు నుంచి ఐదు రోజులకోసారి పాతది తీసి కొత్తది పెడతారు. ఎందుకో తెలుసా? వదిలేస్తే కండ స్పాంజిలోకి పెరిగి, లాగినప్పుడు రక్తం కారుతుందని. అంటే, మెసేజ్ భయపెట్టే "వదిలేయడం" జరగకూడదనే ఆ మార్పిడంతా. మీకు అనుమానం ఉంటే తర్వాతి మార్పిడి ఏ రోజని అడగండి, రాసి పెట్టుకోండి, ఆ రోజు దాటితే గట్టిగా అడగండి. చాలా అధ్యయనాల్లో ఈ పద్ధతితో 80 శాతానికి పైగా లీకులు మూసుకున్నాయి.

అందరికీ ఇదే సరిపోతుందని నేననడం లేదు. మెడలో చిన్న లీక్ అయితే కుట్టు విప్పి డ్రెస్సింగ్ చేస్తుంటే చాలాసార్లు దానంతటదే మానుతుంది, చిన్న రంధ్రమైతే క్లిప్ వేస్తారు, పైకి లాగిన కడుపు గొట్టానికే రక్తం అందక నల్లబడితే మళ్ళీ ఆపరేషనే.

"ఎండోస్కోపీతో లీక్ పెద్దదవుతుంది." ఇందులో ఒక ముక్క నిజముంది, ఒప్పుకుంటాను. గాలి ఎక్కువగా ఊదితే ప్రమాదమే, ఒకప్పుడు డాక్టర్లే కొత్త అతుకు దగ్గరికి స్కోప్ పంపడానికి జంకేవాళ్ళు. ఇప్పుడు గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడతారు, అది త్వరగా ఒంట్లో ఇంకిపోతుంది. అలవాటున్న చేతుల్లో జాగ్రత్తగా చేస్తే ఇబ్బంది అరుదు. స్కోప్‌తో చూడకుండా లీక్ ఎంతుందో, పైకి లాగిన కడుపు గొట్టం రంగు ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?

క్యాన్సర్ పాకుతుందా? పాకదు. సెల్‌ఫోన్? జేబులో పెట్టుకోండి.

ఇక మొదటి పాయింట్: లీక్ అయిందంటే డాక్టర్ చేతగానివాడని. పేరున్న పెద్ద సెంటర్లలో కూడా నూటికి పది మందికి అటూ ఇటుగా ఈ లీక్ వస్తుంది. అన్నవాహికకు పేగులకున్నట్టు పైన గట్టి పొర ఉండదు, పైకి లాగిన కడుపు కొసకు రక్తం తక్కువ అందుతుంది, రోగి అప్పటికే నెలల తరబడి సరిగ్గా తినక చిక్కి శల్యమై ఉంటాడు, షుగర్, బీడీ, జర్దా అలవాట్లు దానికి తోడు. ప్రాణం పోయేదీ నిలిచేదీ ఎక్కువగా ఎంత తొందరగా పట్టుకున్నారన్న దాని మీదే. జ్వరం, గుండె దడ, ఆయాసం, డ్రైన్‌లో (లోపలి ద్రవాన్ని బయటికి తీసే గొట్టంలో) వచ్చేదాని రంగు మారడం, రక్తపరీక్షలో సీఆర్‌పీ (వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగేది) తగ్గాల్సింది పోయి పెరగడం, వీటిలో ఏది కనబడినా ఆలస్యం చెయ్యకూడదు. కొందరికి డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక మొదలవుతుంది. అప్పుడు నోటికి ఏమీ ఇవ్వకుండా, ఆపరేషన్ చేసిన టీమ్‌కు ఫోన్ చేసి, డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని బయల్దేరాలి. హైదరాబాద్ దాకా పోయే పరిస్థితి లేకపోతే ముందు వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాస్పత్రికో, దగ్గర్లోని పెద్దాస్పత్రికో పోయి, రోగి పరిస్థితి కుదుటపడ్డాక వెళ్ళాలి. తెల్లారనీ చూద్దాం అంటే కుదరదు.

మెసేజ్ చివర, ఏడు పాయింట్ల కింద, ఒక లైను ఉంది: "లీక్ అయ్యే అవకాశముందని ముందే చెప్పరు, ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారో అడిగితే చెప్పరు." ఇది మాత్రం కొట్టిపారేయలేను. మామకు చేసిన చోట కూడా ఆపరేషన్‌కు ముందు రోజు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు తప్ప, లీక్ అనే మాట అత్తకు వినబడింది లీక్ వచ్చాకే. ఆమెకు ముందే తెలిసి ఉంటే అంత కుప్పకూలేది కాదు, డాక్టర్ మీద అంత అనుమానమూ వచ్చేది కాదు. ఈ ఆపరేషన్లు తరచూ చేసే చోట ఫలితాలు మెరుగ్గా ఉంటాయన్నదీ నిజమే. కాబట్టి ఎన్ని చేస్తారో అడగండి. లీకైతే స్పాంజి, స్టెంట్ వేసే గ్యాస్ట్రో డాక్టర్ అదే బిల్డింగ్‌లో ఉంటారా, ఆదివారం రాత్రి అయినా దొరుకుతారా, ఆ ఖర్చు ఆరోగ్యశ్రీలో వస్తుందా లేక చేతి నుంచి పెట్టాలా, అన్నీ ఆపరేషన్‌కు ముందే అడగండి. విసుక్కుంటే ఇంకో చోట అడగండి.

ఈ మెసేజ్‌ను ఇప్పటికే పంపినవాళ్ళు, అన్నలైనా అక్కలైనా, మీరు పంపిన ప్రతి గ్రూపులో "మూడో పాయింట్ తప్పు, లీక్ ఉన్నవాళ్ళకు నోటి నుంచి ఏమీ ఇవ్వకండి" అని ఈ రోజే ఒక లైను పెట్టండి.