పండక్కి ఇచ్చే గాడ్జెట్ రోజులో ఏ గంటకి పనికొస్తుంది?

సంక్రాంతి పది రోజులుందనగా తిరుపతిలో ఏ మొబైల్ షాపుకి వెళ్లినా ఒకటే మాట వినపడుతుంది. "అన్నా, పండక్కి ఇంటికి తీసుకెళ్లాల, వెయ్యి రెండు వేలల్లో మంచిది ఏదైనా చూపించన్నా." అడిగేవాళ్లలో శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిలుంటారు, బెంగళూరు నుంచి సెలవు పెట్టి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లుంటారు, కొత్త అల్లుడికి బట్టలతో పాటు ఇంకేదైనా పెడదామని వచ్చిన పెద్దవాళ్లుంటారు. షాపాయన స్మార్ట్ వాచీ, బ్లూటూత్ స్పీకర్, పవర్ బ్యాంకు తీసి అద్దం మీద పరుస్తాడు. ఎవరికిస్తున్నారని ఆయన అడగడు, వీళ్లూ చెప్పరు. ఐదు నిమిషాల్లో బేరం అయిపోతుంది, ఆ వస్తువు కనుమ దాటేసరికి బీరువాలోకి పోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ధర, బ్రాండు, మెగాపిక్సెళ్లు ఇవన్నీ తర్వాత. మీరు ఎవరికైతే ఇస్తున్నారో ఆ మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏ గంటలో ఆ వస్తువుని వాడతారు, ఆ గంటకి వాళ్ల చేతులు ఖాళీగా ఉంటాయా, కళ్లు ఖాళీగా ఉంటాయా, చెవులు ఖాళీగా ఉంటాయా, ఇది తేలితే సగం పని అయినట్టే. తేలకపోతే ఎంత ఖరీదైనది కొన్నా దండగే.

మా చిన్నాయన సంగతి చెబుతాను. ఆయనకి పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. పోయిన ఏడు ఆయన కొడుకు చిత్తూరులో ఒక షాపులో వాచీ కొన్నాడు, చేతికి కట్టుకుంటే చాలు, సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తుందని చెప్పి అమ్మారు. చిన్నాయన ఎంత సంబరపడ్డాడో. పొద్దునా సాయంత్రం అందులో అంకె చూసుకుని "నూట పదే ఉందిరా" అని అందరికీ ఫోన్లు. ఆ ధైర్యంతో రాత్రి మాత్ర మానేశాడు. మూడో వారం కాళ్లు తిమ్మిర్లెక్కి, కళ్లు మసకబారి ఆసుపత్రికి తీసుకెళితే అసలు రీడింగ్ మూడొందల పైన ఉంది. సూది గుచ్చకుండా షుగర్ కొలుస్తామని చెప్పుకునే వాచీలు, ఉంగరాలు వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మొద్దని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అయినా మన షాపుల్లో ఆ పెట్టెల మీద రక్తపు చుక్క బొమ్మ వేసి అమ్ముతూనే ఉన్నారు. అదే డబ్బుతో మామూలు గ్లూకోమీటరు, రెండు డబ్బాల స్ట్రిప్పులు వచ్చేవి. చూడడానికి కానుకలా అనిపించదు, నిజమే. కానీ చిన్నాయనకి పొద్దున కాఫీకి ముందు పనికొచ్చేది అదే. ఇంట్లో షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లకి వాచీ కొనే ముందు దయచేసి ఒక్క క్షణం ఆగండి.

కొనే ముందు ఇలా ఆగి చూసుకోవడం మన ప్రాంతానికి మరీ అవసరం. షావోమీ మన దేశంలో మొదట ఫోన్లు చేయించింది శ్రీసిటీలోనే, 2015లో. డిక్సన్ కంపెనీ తిరుపతి దగ్గర టీవీలు తయారుచేస్తోంది. తెల్లారకముందే ఊరి మలుపుల్లో కంపెనీ బస్సుల కోసం నిలబడే ఆడపిల్లల్లో ఎంతోమంది రోజూ ఈ బోర్డులు బిగించేవాళ్లే, ఈ కేబుళ్లు పరీక్షించేవాళ్లే. ఇంత పని మన చేతుల మీదుగా జరుగుతుంటే, కొనేటప్పుడు మాత్రం అట్టపెట్టె మీద రాసింది చదవకుండా కొంటాం.

చదవాల్సింది పెద్దగా ఏమీ లేదు. పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) అని పెద్దగా ఉంటుంది, తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఆరు వేల చిల్లర కనిపిస్తుంది. లోపలి సెల్ 3.7 వోల్టులది, ఫోన్‌కి 5 వోల్టులు ఇవ్వాలి, ఆ మార్పులో కొంత పోతుంది కాబట్టి మీకు అందేది ఆ చిన్న అక్షరాల లెక్కే. చిన్న అక్షరాల అంకే లేకపోతే ఆ పెట్టె కింద పెట్టేయండి. పవర్ బ్యాంకు, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు, స్మార్ట్ వాచీలకి బీఐఎస్ (వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో షాపులో నిలబడే చూసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ ఫోన్ అయితే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కి ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, తీసుకుని, ఇంగ్లీషులో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పంపాలి. దొంగ ఫోనని బ్లాక్ చేసి ఉంటే తెలిసిపోతుంది. పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి ఇంకో మాట, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఎక్కని మెషీన్ ఎంత చవగ్గా వచ్చినా చదువుకునే పిల్లలకి ఇవ్వొద్దు. 32 అంగుళాలకి మించిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి పాత ధర మీద "పండగ డిస్కౌంట్" అని చెబితే ఆ తేడా ఎక్కడిదో అడగండి.

ఇప్పుడు మా వదిన దగ్గరికి వస్తాను, ఈ వ్యాసం రాయాలనిపించింది ఆమెని చూసే.

వదిన వాళ్లది శ్రీకాళహస్తి. చేత్తో కలంకారీ చీరలు, దుపట్టాలు వేస్తుంది, నెలకి పన్నెండో పదిహేనో అమ్ముడుపోతాయి. మా అన్న దీపావళికి రింగ్ లైటు, ట్రైపాడ్ స్టాండు కొనిచ్చాడు, రీల్స్ తీసుకుని అమ్ముకుంటుందని. అవి అటక మీదున్నాయి. పని దగ్గర ఒక పూట కూర్చుంటే ఎందుకో తెలిసిపోతుంది. కరక్కాయ పొడి, పాలు కలిపి నానబెట్టి ఆరేసిన గుడ్డ ముందు పరుచుకుని ఉంటుంది. చేతిలో వెదురు కలం, దాని మొనకి కాస్త పైన నూలు దారంతో చుట్టిన గుడ్డ ఉండ. బెల్లం, ఇనప తుక్కు నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన నల్లరంగులో ఆ ఉండ ముంచి, వేళ్లతో కొద్దికొద్దిగా నొక్కుతూ గీత లాగుతుంది. నొక్కుడు ఎక్కువైతే రంగు పాకి నెమలి మెడ పాడైపోతుంది. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆమె రెండు చేతులూ, రెండు కళ్లూ ఆ గుడ్డకే. "ఏం చేసేదబ్బా, ఫోన్ ఎత్తాలంటే లేచి చెయ్యి కడుక్కోని రావాల, వచ్చేసరికి అవతల పెట్టేసుంటారు" అంది.

ఆ ఐదు గంటలూ ఆమెకి ఖాళీగా ఉన్నవి చెవులే. అందుకని మొన్న ఉగాదికి నేను నెక్‌బ్యాండ్ తీసుకెళ్లాను, పదిహేను వందల లోపే. చెవిలో పెట్టుకునే విడి ఇయర్‌బడ్స్ అయితే జారి రంగు గిన్నెలో పడతాయి, నెక్‌బ్యాండ్ మెడకి వేలాడుతుంది, మోచేత్తో తాకినా పక్కకి పోతుంది. తడి చేతులు కాబట్టి ఐపీఎక్స్4 ఉందో లేదో చూశాను, అంటే చిందిన నీళ్లకి తట్టుకుంటుంది, ముంచితే పాడవుతుంది. వస్తువు అంతటితో సరి. అందులో ఏం వినాలన్నదే అసలు కష్టం, నా అభిప్రాయంలో అసలు కానుక కూడా అదే.

ఆమెకి కావాల్సింది డిజిటల్ మార్కెటింగ్, అంటే ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో సరుకు అమ్ముకునే పద్ధతి. దాన్ని చెవులతోనే నేర్చుకోవాలంటే పాడ్‌కాస్టులు, అంటే రేడియో కార్యక్రమాల్లా ఫోన్‌లో వినేవి, ఉండాలి. ఆ రెండు మాటలు పెట్టి పాడ్‌కాస్ట్ యాప్‌లో వెతికితే వందలకొద్దీ వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం వినేవాళ్లకి కోర్సు అమ్మడానికి పెట్టినవే. తెలుగులో వెతికితే నాకు దొరికినవి చాలావరకు వీడియోలు, తెర మీద చూపిస్తూ "ఇక్కడ క్లిక్ చేయండి" అనేవి, చేతిలో కలం ఉన్న మనిషికి అవి ఉపయోగపడవు. నేను నేర్చుకున్నదేమిటంటే, సబ్జెక్టు పేరుతో వెతకకూడదు, మనకున్న కష్టం పేరుతో వెతకాలి. లోకల్ ఎస్‌ఈఓ (దగ్గర్లో వెతికేవాళ్లకి గూగుల్‌లో మన పేరు కనపడేలా చేసుకోవడం), హ్యాండ్‌మేడ్ బిజినెస్, కస్టమర్ రివ్యూస్ ఇలా కొడితే షో పేర్లు కాకుండా విడి విడి ఎపిసోడ్లు బయటపడతాయి. పాడ్‌కాస్టుల్ని వెతకడానికే లిజన్ నోట్స్ అనే సైటు ఉంది. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో మూతబడింది, పాత సలహాలు చదివి దాని కోసం వెతక్కండి, యూట్యూబ్ మ్యూజిక్, స్పాటిఫై, ఐఫోన్‌లో ఆపిల్ పాడ్‌కాస్ట్స్ చాలు. ఆండ్రాయిడ్‌లో యాంటెన్నాపాడ్ అని ఉచితంగా దొరుకుతుంది, ఖాతా తెరవకుండానే వాడుకోవచ్చు, రాత్రి వైఫైలో దించి పెట్టుకుంటే పగలు డేటా ఖర్చు ఉండదు.

తర్వాత తేదీ చూడాలి. వంటల పాడ్‌కాస్ట్ పదేళ్ల కిందటిదైనా వినొచ్చు గానీ ఇక్కడ రెండేళ్లు దాటితే అనుమానించాల్సిందే. ఎపిసోడ్‌లో గూగుల్ మై బిజినెస్ అన్నారంటే అది 2021 నాటి మాట, అప్పుడే దాని పేరు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అయింది, గూగుల్‌లో, మ్యాప్‌లో మన వ్యాపారం వివరాలు కనపడే పేజీ అది. వెబ్‌సైటుకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే గూగుల్ పాత సాధనం యూనివర్సల్ అనలిటిక్స్ గురించి పాఠం చెబుతున్నారంటే అది 2023 జూలైలో ఆగిపోయిన సంగతి. సగం ఎపిసోడ్లు టిక్‌టాక్ మీదే ఉంటాయి, మన దేశంలో అది 2020 జూన్ నుంచి లేదు. ఇవి తెలియకుండా వింటే మనిషి గంటలు పోగొట్టుకోవడమే కాకుండా తనకే అర్థం కావట్లేదేమో అని బాధపడుతుంది. అది నాకు అస్సలు నచ్చదు.

పేర్లు అడిగేవాళ్లకి నేను విన్నవాటిలో మూడు చెబుతాను. నీల్ పటేల్, ఎరిక్ సియూ కలిసి 2016లో మొదలుపెట్టిన మార్కెటింగ్ స్కూల్, దాని పాత ఎపిసోడ్లు పది నిమిషాల లోపే ఉంటాయి, ఒక్కో విషయం తేలిగ్గా పట్టుకోవచ్చు, కానీ ఇప్పుడే చెప్పిన తేదీ జాగ్రత్త వాటికీ వర్తిస్తుంది. మైఖేల్ స్టెల్జ్‌నర్ 2012 నుంచి నడుపుతున్న సోషల్ మీడియా మార్కెటింగ్ పాడ్‌కాస్ట్ నిదానంగా, వివరంగా ఉంటుంది. గూగుల్ సెర్చ్ టీమ్ వాళ్లే 2020 నుంచి చేస్తున్న సెర్చ్ ఆఫ్ ది రికార్డ్ కాస్త సాంకేతికం, వెబ్‌సైటు ఉన్నవాళ్లకి పనికొస్తుంది, వదినకి అక్కర్లేదు.

ఇవన్నీ ఇంగ్లీషు, పైగా అమెరికా లెక్కలు. వాళ్లకి పండగ వ్యాపారమంటే నవంబర్, డిసెంబర్. వదినకి సీజనంటే శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, పెళ్లి ముహూర్తాలు, దసరా. వాళ్లు ఈమెయిల్ లిస్టు కూడబెట్టమంటారు, వదిన దగ్గర కొన్నవాళ్లలో ఈమెయిల్ చూసేవాళ్లు ఎవరూ లేరు, అందరూ వాట్సాప్‌లోనే. కాబట్టి నేను చేసే పని ఏంటంటే, ఎపిసోడ్ ముందు నేను వింటాను, ఆమెకి పనికొచ్చే ముక్క తీసుకుని నాలుగైదు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా తెలుగులో చెప్పి వాట్సాప్‌లో పంపుతాను. పొద్దున తొమ్మిదికి ముందే. ఇంటర్ చదివే వాళ్లబ్బాయికి మాత్రం ఒరిజినల్ లింకు పంపుతాను, వాడు అసలుది విని నా తప్పులు పడతాడు.

ఒక్క ఉదాహరణ. కొనేవాళ్లు ఏ మాటతో వెతుకుతారో ఆ మాటే మనమూ రాయాలని ఏ ఎపిసోడ్ విన్నా చెబుతారు. వదిన తన ఫొటోల కింద అన్నిచోట్లా "కలంకారీ" అనే రాసేది. ఆ పేరుతో వెతికితే మచిలీపట్నం అచ్చు బ్లాకుల బట్టలూ, మిషన్ మీద ప్రింటు కొట్టినవీ అన్నీ కలిసే వస్తాయి, ధరలో వాటితో పోటీ పడడం చేత్తో వేసేవాళ్ల వల్ల కాదు. హైదరాబాద్, బెంగళూరులో కొనేవాళ్లు ఈ చేతిపనిని "పెన్ కలంకారీ" అంటారు. అది వినగానే ఆమె వాట్సాప్ బిజినెస్ కేటలాగ్‌లోనూ, గూగుల్ ప్రొఫైల్‌లోనూ పేరు మార్చించి, చీర ఫొటోల పక్కనే కలం పట్టుకున్న చెయ్యి ఫొటో ఒకటి పెట్టించింది, పగటి వెలుతురులో వసారాలో తీసిందే. గుడికి వచ్చి, ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ ఇల్లు వెతుక్కుని వచ్చినవాళ్లు ఈ నాలుగు నెలల్లో ఆరుగురు. సంఖ్య చిన్నదే కావచ్చు, ఆరుగురిలో ఐదుగురు కొన్నారు, బేరం కూడా పెద్దగా ఆడలేదు.

మొన్న శుక్రవారం వదిన ఫోన్ చేసింది. ఎవరో ఒకామె రంగు దిగిందని గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చిందట, సబ్బు పెట్టి ఉతికి ఉంటుందని వదిన అనుమానం, ఏం జవాబు రాయాలో తెలియక టెన్షన్ పడుతోంది. "దాని మీద ఏమన్నా ఉందేమో చూడబ్బా, ఆదివారం లోపల పంపు" అంది. రివ్యూలకి జవాబిచ్చే పద్ధతి మీద రెండు ఎపిసోడ్లు దించుకున్నాను, ఒకటి తిరుపతి బస్సులో అయిపోయింది, ఇంకోటి రేపు పొద్దున నడకలో వింటాను.